మణికట్టు మీది అల

పెరట్లో కుళాయి కింద అన్నం గిన్నె తోముతూ మైథిలి తన మణికట్టు వంక చూసుకుంది. పొద్దున కూతురు అమూల్య నీలం స్కెచ్ పెన్నుతో వేసిన అల సగం కరిగిపోయింది. అల పైన పెట్టిన చుక్క ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఏ రోజుకారోజు ఇంతే. పిల్ల వేయడం, సబ్బుపొడి తుడిచేయడం.

ఆ అల పడవపిల్లది. సాయంత్రాలు టీవీలో తెలుగు మాటలతో వచ్చే జపాను బొమ్మల సీరియల్లో ఆ పిల్ల ఏటికి ఇవతలివాళ్ళను అవతలికి చేరవేస్తుంటుంది. దిగినవాళ్ళెవరూ వెనక్కి తిరిగి చూడరు. అందరూ దిగాక తన మణికట్టు మీది అలను బొటనవేలితో నొక్కుకుని, "ఇప్పుడు నా రేవుకి" అని తెడ్డు అందుకుంటుంది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు మైథిలి ఒళ్ళో చిక్కుడుకాయలు ఒలవకుండా అలాగే ఉండిపోయాయి. జగ్గయ్యపేటలో ఇంటిల్లిపాదికీ క్యారేజీలు కట్టి, బస్సులో నిలబడి నందిగామ వెళ్ళి, ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పి, కరస్పాండెంటు జగన్నాథరావుగారి చుట్టాలొస్తే "మేడమ్, కాస్త టీ సంగతి చూడండమ్మా" అనిపించుకుని, మళ్ళీ బస్సెక్కి వచ్చే తనకు రేవంటూ ఒకటుందా? మగ మాస్టర్లను టీ సంగతి ఎవరూ చూడమనరు.

భర్త ఉదయభాస్కర్‌కి ఇదంతా నవ్వులాట. "పెళ్ళీడుకొస్తున్న కూతుర్ని పెట్టుకుని, బొమ్మల్ని చూసి కళ్ళు తుడుచుకుంటుందిరా మా ఆవిడ" అని సిమెంటు ఫ్యాక్టరీలో తోటి గుమస్తాలందరికీ చెప్పాడు. అమూల్య చదివేది ఏడో తరగతి. ఆ గుమస్తాలు ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు వాళ్ళూ నవ్వారు. నవ్వుతున్న వాళ్ళ విస్తళ్ళలో పెరుగు వడ్డించిందీ తనే.

స్కూల్లో సైన్సు చెప్పే సైరా మాత్రం నవ్వలేదు. ఒకరోజు చాక్‌పీసు కోసం చాపిన సైరా చేతి మీద ఎర్రగా పండిన అదే అల, అదే చుక్క కనిపించాయి. స్టాఫ్‌రూములో ఒకరి చేతులొకరు పట్టుకుని చూసుకున్నారు. వేరే దేశాల్లో ఆ సీరియల్ అభిమానులు దాన్ని పచ్చబొట్టే పొడిపించుకుంటారట, సైరా నెట్ సెంటర్లో ఫొటోలు చూసిందట. ఒకామె పెద్ద జబ్బు నుంచి లేచాక, ఇంకొకామె తన్నే మొగుణ్ణి వదిలి వచ్చాక. "మాలో పచ్చబొట్టు కూడదక్కా. గోరింటాకుతో పెట్టుకుంటా, పోతే మళ్ళీ పెట్టుకుంటా. మీకేం అడ్డం?" అంది సైరా.

అడ్డమేమిటో తిరపతమ్మ తిరునాళ్ళ నాడు తెలిసింది. అత్తగారు చూడామణి అందరినీ పెనుగంచిప్రోలు బయలుదేరదీసింది. ఆ ఇంటి కోడళ్ళు తిరునాళ్ళలో ముంజేతి మీద మొగుడి పేరు పొడిపించుకోవడం ఆనవాయితీ. మైథిలి ఏటేటా ఏదో వంకతో తప్పించుకుంటోంది. "పోయేనాడు పుస్తెలు తీసేస్తారు, గాజులు తీసేస్తారు. వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటేనమ్మా" అని ఆవిడ ఆటోలో దారి పొడుగునా చెబుతూనే ఉంది. మైథిలి ఆవిడ ముంజేతి వైపు చూసింది. మామగారి పేరు అలుక్కుపోయి పచ్చటి మరకలా మిగిలింది. పొడిపించుకున్న మర్నాడే పేడనీళ్ళలో చెయ్యి పెట్టాల్సి వచ్చిందనీ, చీముపట్టి అక్షరాలన్నీ కలిసిపోయాయనీ ఒకప్పుడు ఆవిడే చెప్పింది, ఎవరి చేతి సంగతో చెబుతున్నట్టు. వెంట వచ్చేది ఒక్కటే అయినప్పుడు ఆ ఒక్కటైనా తనది కావద్దా అనుకుంది మైథిలి.

బ్యాటరీ మిషను ముందు కూర్చోగానే పచ్చబొట్లాయన "మీ ఆయన పేరు చెప్పండమ్మా" అన్నాడు. ఇంకోటి అడగాలని అతనికి తోచదు. వెనక నిలబడి చెరుకురసం తాగుతున్న ఉదయభాస్కర్ "పూర్తి పేరు వేయించు, సగంలో లేచొచ్చేవు" అని నవ్వాడు. మైథిలి పచ్చబొట్లాయన చేతిలో పెన్ను తీసుకుని, మణికట్టు మీద అల గీసి, పైన చుక్క పెట్టింది.

"ఇది పొడిచిపెట్టండి."

"అదేంటే?" అంది అత్తగారు.

"పడవపిల్ల గుర్తు అత్తయ్యా. వెంట వచ్చేది ఇదొక్కటే అన్నారుగా. అందుకని నాది పెట్టుకుంటున్నా."

"నా పేరు అంత బరువైందా నీకు?" అన్నాడు ఉదయభాస్కర్, గ్లాసు దించి.

"మీ పేరు ఇంటి తలుపు మీదుంది, రేషన్ కార్డు మీదుంది, గ్యాసు పుస్తకం మీదుంది. నా చెయ్యి ఒక్కటీ నాకుండనీయండి."

సూది గండుచీమలు కుట్టినట్టు కుట్టింది. అమూల్య రెండో చెయ్యి పట్టుకుని కూర్చుంది. అయ్యాక పచ్చబొట్లాయన పసుపు అద్ది, పుండు మానేదాకా తడి తగలనీయొద్దన్నాడు.

ఇంటికొచ్చేసరికి పెరట్లో పొద్దుటి గిన్నెలు కుప్పగా పడున్నాయి. ఉదయభాస్కర్ ఆ కుప్ప వంక చూశాడు, వాచిన మైథిలి మణికట్టు వంక చూశాడు.

"మరి ఇవెవరు తోముతారు?"

మైథిలి గుమ్మంలో నిలబడి, తొందరేమీ లేకుండా అంది. "మీ పేరు పొడిపించుకున్నా తడి తగలకూడదుగా. అప్పుడెవరు తోమేవాళ్ళో వాళ్ళే తోముతారు."

అతను సాయం కోసం తల్లి వైపు తిరిగాడు. చూడామణి తన ముంజేతి మీది మరకను అరచేత్తో ఒకసారి రాసుకుంది.

"అప్పుడూ దాన్నే తోమమనేవాళ్ళంరా. నన్నూ అలాగే అన్నారు" అంది నెమ్మదిగా. "వెళ్ళి కుళాయి తిప్పు."