ఎల్లప్ప నడిపిన పడవ

పందొమ్మిదేళ్ల పాటు ప్రతి ఆదివారం ఒకే చెరువుగట్టు మీద కూర్చుని చేపలు పట్టిన ఆ ఇద్దరిలో మాట్లాడేవాడు ఎల్లప్ప, వినేవాడు డానియేలు. ఆ ఏర్పాటు ఇద్దరికీ బాగానే కుదిరింది. ఎల్లప్ప ఆర్టీసీ డ్రైవరు. ఘాట్ రోడ్డులో ఎదురొచ్చిన లారీల గురించి, సీట్ల కోసం కొట్టుకున్న పెళ్లివారి గురించి చెప్పుకుపోతూనే ఉండేవాడు. డానియేలు అదే డిపోలో ఎలక్ట్రీషియను. బస్సు కింద దూరి వైర్లు కలపడం వచ్చినంత బాగా మాటలు కలపడం రాని మనిషి. తల్లిని చూసుకుంటూ పెళ్లిని ఏటికేడు వాయిదా వేశాడు. తల్లి పోయేనాటికి అతనికి యాభై దాటాయి. ఛత్రినాకలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. వారం మొత్తంలో అతనితో ఎవరైనా నాలుగు మాటలు వరసగా మాట్లాడారంటే, అది ఆదివారం నాడు ఎల్లప్పే.

రిటైరైన మరుసటేడే ఎల్లప్పకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. పోగా పోగా ఒక్కటే మిగిలింది: "గదే." అన్నం తింటావా అంటే గదే. నొప్పి ఉందా అంటే గదే. భార్య రాజమణి మీద కోపం వచ్చినా గదే, కళ్లలో నీళ్లు తిరిగినా గదే.

డానియేలు చర్చి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లేవాడు. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఇన్నేళ్లూ విన్నవాడికి మాట్లాడటం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

"ఎండ మస్తు గొడ్తుందన్నా."

"గదే."

ఆ తర్వాత ఇద్దరూ ఫ్యాను వైపు చూస్తూ ఉండేవారు. రాజమణి చాయ్ తెచ్చిచ్చేది. చాయ్ అయిపోతే లేవడానికి ఒక వంక దొరికేది. వాకిలి దాటుతున్నప్పుడు డానియేలుకు తేలిగ్గా అనిపించేది. అలా అనిపించినందుకు వీధి మలుపు దాకా సిగ్గుపడుతూ నడిచేవాడు.

ఒకరోజు బేగంబజార్‌లో గాలాలమ్మే దుకాణానికి రీలు బాగుచేయించడానికి వెళ్తే, అక్కడ అటక మీద నల్లటి ప్లాస్టిక్ పడవ ఒకటి దుమ్ము కొట్టుకుని కనిపించింది. రెండడుగుల పొడవుంది. పిల్లల ఆటవస్తువేమో అనుకున్నాడు.

"ఆటది కాదన్నా, ఎర పడవ. రిమోట్‌తోని నడుస్తది," అన్నాడు దుకాణదారు దాన్ని కిందికి దించి. "నడుమ రెండు డబ్బాలున్నయ్ సూడు. అండ్ల ఎర ఏస్తవ్, గాలం గూడ పెడ్తవ్. చెరువు నడిమిట్లకు పోయినంక గీ బటన్ నొక్కితే డబ్బా అడుగున తల్పు తెర్సుకుంటది. ఎర, గాలం రెండూ నీళ్లల్ల పడ్తయ్. ఖాళీ పడవ మళ్లొస్తది. చెయ్యితోని ఇసిరే పనే లేదు. ఎవలో కొన్నరు, లోపలికి నీళ్లు పోయి మోటార్ కాలింది. బాగు చెయ్యమని ఇడిచిపెట్టి మళ్ల రాలే. నీకు పనికొస్తదంటే పట్కపో."

చేత్తో విసిరే పనే లేదు. ఆ మాట డానియేలు చెవిలో ఉండిపోయింది.

మూడు వారాలు ఆ పడవతోనే గడిచాయి. మూత విప్పితే లోపల తుప్పు, ఎండిన నాచు. కాలిన మోటారు మార్చాడు. వైర్లన్నీ పీకి కొత్తవి అతికించాడు. మేడ మీద నీళ్లతొట్టిలో వదిలితే కాసేపటికే ఒకవైపు ఒరిగింది. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ఎంత చూసినా అంతుపట్టలేదు. చివరికి లోపలంతా తుడిచి ఆరబెట్టి, పొడి ముగ్గుపిండి చల్లి మళ్లీ తొట్టిలో పెట్టాడు. పది నిమిషాల తర్వాత తెరిచి చూస్తే, పంకాను తిప్పే కడ్డీ బయటికొచ్చే గొట్టం దగ్గర పిండి తడిసి ముద్దయింది. ఆ గొట్టం నిండా గ్రీజు కూరాడు. మూత చుట్టూ ఉన్న రబ్బరుకు వాజలీన్ రాశాడు. రిమోట్ మీద బొటనవేళ్లతో తోసే రెండు పుల్లలుంటే, కుడిపుల్ల పని కూడా ఎడమపుల్లే చేసేలా లోపల వైర్లు మార్చాడు. ఇప్పుడు మొత్తం పడవ ఒక్క ఎడమ బొటనవేలి మీద నడుస్తుంది.

ఎర కోసం ఉస్మాన్‌గంజ్ వెళ్లి పల్లిచెక్క, తవుడు, సోంపు తెచ్చాడు. ఆ ముద్ద ఎప్పుడూ ఎల్లప్పే కలిపేవాడు. ఎంతకెంత వేయాలో డానియేలు ఎన్నడూ అడగలేదు. వాసన గుర్తు చేసుకుంటూ, బెల్లం కొంచెం కొంచెం వేసుకుంటూ కలిపాడు.

రాజమణి మొదట ఒప్పుకోలేదు. "మంచం మీదికెల్లి లేపనీకే నా పానం పోతుంది. చెరువుకాడ పడితే ఎవలు లేపాలె తమ్మీ?"

"నేనుంట గదా వదినె."

ఆమె మొగుడి వైపు చూసింది. ఎల్లప్ప ఆమెను చూడటం లేదు. డానియేలు చేతిలోని పడవనే చూస్తున్నాడు.

"పొద్దు గూకకముందే తేవాలె," అంది.

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని ఆటో మీద కట్టుకుని, చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు దాటి, పహాడీషరీఫ్ అవతల తమ పాత చెరువుకు చేరారు. ఆటోవాలా ఒక రెక్క, డానియేలు ఒక రెక్క పట్టుకుని ఎల్లప్పను గట్టు మీద కూర్చోబెట్టారు. కదలకుండా డానియేలు కుర్చీ కాళ్లకు రాళ్లు సర్దాడు. పడవ డబ్బాల్లో ఎరముద్ద వేసి, గాలాన్ని అందులోనే దాచి, రీలు వదులు చేశాడు. రిమోట్‌ను పట్టీతో ఎల్లప్ప మెడలో వేసి, అతని ఎడమ బొటనవేలు పుల్ల మీద పెట్టాడు.

"ముందుకు నూకితే ముందుకు పోతది. పక్కకంటే పక్కకు. గా నడిమిట్లకు పోయినంక గీ బటన్ నొక్కాలె. గంతే."

"గదే," అన్నాడు ఎల్లప్ప.

పడవ మొదట గట్టుకే తగిలింది. ఎల్లప్ప దాన్ని వెనక్కి లాగాడు. ఆగాడు. రెండోసారి నెమ్మదిగా తిప్పాడు. తోక ఎంత తిరుగుతుందో లెక్కేసుకున్నట్టు, ముప్పై అడుగుల బస్సును ఇరుకు డిపోలోంచి బయటికి తీసినట్టు, వెడల్పుగా మలుపు తీసుకున్నాడు. పడవ తిన్నగా నీళ్ల మీదికి వెళ్లింది. ఎదురుగా ఒక నీటికాకి తల బయటపెట్టింది. ఎల్లప్ప పడవ ఆపాడు. అది మునిగి అవతల తేలేదాకా ఓపిగ్గా ఉండి, మళ్లీ కదిలించాడు. డానియేలుకు నవ్వొచ్చింది. ఆరు నెలల్లో మొదటిసారి.

"ఆఁ, గక్కడ్నే అన్నా. బటన్ నొక్కు."

ఎల్లప్ప నొక్కలేదు.

"చెరువు నడిమిట్లకొచ్చినం. ఎర ఇడువు."

పడవ పోతూనే ఉంది. రీలు గిరగిరా తిరుగుతోంది. రిమోట్ మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ బ్యాటరీ అయిపోవచ్చిందని చెప్పింది. "ఎనకకు తిప్పన్నా! మళ్ల రాదు!" అంటూ డానియేలు రిమోట్ మీద చెయ్యి వేయబోయాడు. ఎల్లప్ప ఎడమ మోచేత్తో అతన్ని గట్టిగా నెట్టాడు. ఆ చేతిలో అంత బలం ఉందని డానియేలు అనుకోలేదు. రీలు ఖాళీ అయి, చివరి ముడి జారి, దారం కూడా పడవ వెంటే పోయింది. పడవ అగ్గిపెట్టెంతయింది. తర్వాత ఒక చుక్క. ఆ చుక్క అవతలి ఒడ్డున గుర్రపుడెక్కలోకి దూరి ఆగిపోయింది.

"ఏం పని చేసినవన్నా!" డానియేలు గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "మూడు వారాలు కూసొని చేసిన! నీ కోసమే చేసిన! ఒక్క బటన్ నొక్కనీకి ఏమైంది నీకు?"

ఎల్లప్ప ఆ ఒక్క మాట కూడా అనలేదు. వంకరపోయిన మూతి బిగించి, అవతలి ఒడ్డు వైపే చూస్తున్నాడు. ఆ ముఖం డానియేలుకు తెలుసు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పుకు బస్సును గేటు దాటించేటప్పుడు ఎల్లప్ప ముఖం అలాగే ఉండేది. ఆ సమయంలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

డానియేలు కోపంతోనే గట్టు చుట్టూ నడిచాడు. అరగంట పట్టింది. ప్యాంటు మడిచి గుర్రపుడెక్కలోకి దిగితే నడుము దాకా నీళ్లు, కాళ్లకు చుట్టుకునే వేళ్లు. పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. పంకా నిండా దారం చిక్కుకుంది. దాన్ని ఎత్తి గుండెకు ఆనించుకుని వెనక్కి తిరిగాడు.

ఇన్నేళ్లలో ఎప్పుడూ ఈ ఒడ్డు నుంచి తమ గట్టును చూడలేదు. ఇక్కడినుంచి అది ఎవరి చోటూ కాదు. రెండు తుమ్మచెట్లు, కాస్త ఎర్రమన్ను. ఆ మన్ను మీద ఒక ఎర్ర కుర్చీ, అందులో ఒక మనిషి. పడిపోతే వినపడనంత దూరంలో ఉన్నాడు. డానియేలుకు రాజమణి మాట గుర్తొచ్చింది. పడవ పైకెత్తి ఊపాడు. చాలాసేపటికి ఆ కుర్చీలోంచి ఒక చెయ్యి లేచింది.

తిరుగుదారిలో అతను దాదాపు పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున పడవను ఒళ్లో పెట్టుకుని, పంకాలో చిక్కిన దారాన్ని బ్లేడుతో పోగుపోగుగా కోశాడు. వెంట్రుకల్లాంటి వేళ్లను పట్టుకారుతో లాగేశాడు. అడుగు బిరడా తీసి నీళ్లు వంచి, పాత బనీనుతో తుడిచి, కొత్తగా గ్రీజు పెట్టాడు. బ్యాటరీ విడిగా తీసి సగం చార్జి చేసి దాచాడు. రెండో బ్యాటరీ ఒకటి కొనుక్కొచ్చాడు. వచ్చే ఆదివారానికి ఎర కలపలేదు. గాలాలు గోడకే వేలాడాయి.

అలా మరో నాలుగు ఆదివారాలు వెళ్లారు. ఎల్లప్ప నడిపేవాడు. అవతలి ఒడ్డు దాకా పోయి, గుర్రపుడెక్కకు పదడుగుల ముందే తిప్పుకుని, సరిగ్గా డానియేలు కాళ్ల ముందు ఆపేవాడు. బ్యాటరీ మార్చాక మళ్లీ బయల్దేరేవాడు. చూస్తూ కూర్చోవడం తప్ప పనేమీ లేకపోవడంతో డానియేలు మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదట పడవ గురించి. తర్వాత వేరేవి. తల్లి చివరి ఏడాది తనను కొడుకుగా గుర్తుపట్టలేదని, తనను చూసి చచ్చిపోయిన భర్త అనుకుని మొహం తిప్పుకునేదని చెప్పాడు. ఈ సంగతి అతను పాస్టరుకు కూడా చెప్పలేదు.

"అన్నం తినిపిస్తుంటే, ఇంతకాలం ఏడికి పోయినవని అడిగేది. ఏం చెప్పాలె అన్నా? ఇగ రానే వస్తి గదా అనేటోణ్ని."

"గదే," అన్నాడు ఎల్లప్ప, నీళ్ల మీదనుంచి చూపు తిప్పకుండా. ఆ మాట అక్కడ సరిగ్గా అతికినట్టు అనిపించింది డానియేలుకు.

ఆ తర్వాతి ఆదివారం వెళ్లేసరికి రాజమణి బట్టలు మూటలు కడుతోంది.

"నాతోని అయితలేదు తమ్మీ. మొన్న బాత్రూంల పడ్డడు. పక్కింటోళ్లను పిలిచి లేపిన. కరీంనగర్ల బిడ్డ రమ్మంటుంది. అల్లుడు గూడ మంచోడే. రేపు బండొస్తది."

మర్నాడు డానియేలు పడవను శుభ్రంగా తుడిచి, రిమోట్, రెండు బ్యాటరీలు కలిపి బియ్యం సంచిలో పెట్టి తీసుకెళ్లాడు. వ్యానులో ఎల్లప్పను కూర్చోబెట్టాక, సంచిలోంచి పడవ తీసి అతని ఒళ్లో పెట్టాడు.

రాజమణి మెల్లగా అంది: "ఆడ మూడో అంతస్తు తమ్మీ. లిఫ్టు లేదు. చెరువుకెవలు తీస్కపోతరు? కండ్ల ముందట ఊకె పెట్టుకుంటే ఆయనకే బాధైతది."

ఎల్లప్ప ఎడమచేత్తో పడవ ముక్కును కాసేపు పట్టుకుని ఉన్నాడు. తర్వాత చెయ్యి తీసేశాడు. వ్యాను సందు మలుపు తిరిగేదాకా డానియేలు వెనక్కి తీసుకున్న పడవను పట్టుకుని నిలబడ్డాడు. దారిన పోయే ఒకాయన దాన్ని చూసి, "ఎంతకిస్తవ్?" అని అడిగాడు. అమ్మేది కాదని చెప్పి ఇంటికొచ్చాడు.

రెండు నెలలు చెరువు వైపు వెళ్లలేదు. చర్చి నుంచి వచ్చి పడుకునేవాడు. ఒకరోజు సంచి విప్పితే, చార్జి చూసుకోక ఒక బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. మనిషికి బుద్ధి లేకపోతే వస్తువేం చేస్తుందని తనను తాను తిట్టుకుని, దాన్ని జాగ్రత్తగా పక్కన పడేసి, వచ్చే ఆదివారం రెండోదానితో వెళ్లాడు. గాలాలు కూడా తీసుకెళ్లాడు. చెరువు నడిమధ్య ఎర విడిచి, పడవను వెనక్కి తెచ్చుకుని, చేప లాగితే మోగేలా గాలం కర్రకు గజ్జె కట్టి కూర్చున్నాడు. సాయంత్రమవుతుండగా గజ్జె మోగింది. నాలుగు కిలోల బొచ్చె చేప. గట్టు మీదికి లాగి, చేతుల్లో అది కొట్టుకుంటుంటే పక్కకు తిరిగి ఏదో అనబోయాడు. పక్కన చదునైన మన్ను తప్ప ఏమీ లేదు. గాలం విడిపించి, చేపను నీళ్లలోకి వదిలేశాడు.

ఇంటికొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా రాజమణికి ఫోన్ చేశాడు. అన్నతో ఒక్క మాట మాట్లాడాలన్నాడు. ఆమె ఫోన్ స్పీకర్లో పెట్టి దిండు పక్కన ఉంచానని చెప్పింది. అవతల ఊపిరి వినిపించింది.

డానియేలు చెప్పడం మొదలుపెట్టాడు. బ్యాటరీ ఉబ్బిన సంగతి, గాలి ఎదురు కొడితే పడవ ఎలా పక్కకు జరిగిందో, గజ్జె ఎలా మోగిందో, బొచ్చె ఎంత పెనుగులాడిందో చెప్పాడు. వదిలేశానని చెప్పి, ఎందుకు వదిలేశాడో చెప్పబోయి ఆగాడు. తర్వాత అది కూడా చెప్పాడు. అలా అరగంట గడిచింది. మధ్యలో ఎన్నిసార్లు ఆగినా అవతలినుంచి ఊపిరి తప్ప మాట రాలేదు.

"అన్నా? ఇంటున్నవా?"

కొంచెం సేపటికి రాజమణి గొంతు వినిపించింది, చాలా దగ్గరగా, నెమ్మదిగా. "ఆయన పండుకొని శానసేపైంది తమ్మీ."

 డానియేలు ఫోన్ పెట్టేయబోయాడు.

"నేనే ఇంటున్న," అంది ఆమె. "ఈడ నాతోని మాట్లాడెటోళ్లెవలున్నరు? నువ్వు చెప్పు. వదిలిపెట్టినంక అది లోపలికి పోయిందా, పైననే ఉండెనా?"

డానియేలు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"కొంచెంసేపు పైననే ఉండె వదినె," అన్నాడు. "చేతులు తీసినంక గూడ ఉండె. తర్వాత పోయింది."