తూర్పు వైపు కాళ్ళు

కొండాపూర్ రోడ్డు వెడల్పు చేస్తున్నారని సమాధుల తోటలో సగం ఖాళీ చేయమన్నారు. ఈస్టరు దగ్గరపడింది. ఎముకలను కొత్త పెట్టెల్లోకి మార్చి, శేరిలింగంపల్లి అవతల ఇచ్చిన స్థలంలో మళ్ళీ పాతిపెట్టే పనంతా సంఘ పెద్ద దానియేలు నెత్తిన పడింది. ఆ రోజు వంతు మార్తమ్మ ఎముకలది. ఆమె భర్త జ్ఞానసుందరం, రిటైరైన ఫిజిక్సు లెక్చరరు, పెట్టె ట్రాక్టరు ఎక్కేదాకా ఉండి, వెనకాల బస్సులో బయలుదేరాడు.

ఆయనకూ దానియేలుకూ కొన్నాళ్ళుగా మాటల్లేవు. బైబిలు స్టడీలో ఒకమ్మాయి, ప్రభువు సమాధిలోంచి లేచింది ఈ శరీరంతోనేనా అని అడిగింది. మూసిన తలుపుల్లోంచి గదిలోకి వచ్చినవాడిది మనలాంటి శరీరం అనుకోలేననీ, ఆయన బతికున్నాడన్నదే తనకు చాలుననీ జ్ఞానసుందరం దాచుకోకుండా చెప్పాడు. మరి తిరిగొచ్చాక శిష్యుల ముందు చేప తిన్నదెవరని దానియేలు లేచాడు. చిన్నతనంలోనే పోయిన కొడుకును మళ్ళీ ఈ చేతుల్తో ఎత్తుకుంటానన్న ఆశ లేకపోతే తనకీ ప్రార్థనలెందుకన్నాడు. ఏటా ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మధ్య జ్ఞానసుందరం చదివే వాక్యం ఈసారి ఇంకొకరికి వెళ్ళింది.  వాదించే ఓపిక ఆయనకు మార్తమ్మతోనే పోయింది.

బస్సు ఆలస్యమైంది. కడుతున్న గాజు మేడల దుమ్ములోంచి నడిచి వచ్చేసరికి గుంత పూడ్చేశారు. ఆ రోజే పనిలోకి వచ్చిన కూలి పోచయ్య పారతో మట్టి సర్దుతున్నాడు. మిగతా దిబ్బలన్నీ ఒక వరసలో ఉంటే మార్తమ్మది ఒక్కటే అడ్డంగా ఉంది.

"తలకాయ దక్షిణం దిక్కు పెట్టిన సార్," అన్నాడు పోచయ్య. "మాకాడ గట్లనే పెడ్తం."

జ్ఞానసుందరం పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు. వాళ్ళ సంఘంలో కాళ్ళు తూర్పుకు పెట్టి పడుకోబెడతారు, ప్రభువు వచ్చేది అటు నుంచని. ఆసుపత్రిలో మార్తమ్మ మరీ మరీ చెప్పింది, లేవగానే ఎదురుగా ఆయన కనబడాలట, అటూ ఇటూ వెతుక్కునే ఓపిక తనకుండదట. సరేనని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఎముకలకు దిక్కేమిటి? ఇలాగే వదిలేస్తే ఎవరూ అడగరు. తిప్పమని అడిగితే సంఘమంతా నవ్వుతుంది. పైగా అడగవలసింది దానియేలునే. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుని లేచి, స్థలం చివర ఇంకో గుంత కొలుస్తున్న దానియేలు దగ్గరికి వెళ్ళాడు.

"మార్తమ్మను తిప్పాలండీ."

దానియేలు అడ్డదిబ్బను చూశాడు.

"మీ లెక్కలో దిక్కుతో పనేముంది మాస్టారూ?"

"నాకు లేదు. ఆవిడకుంది."

  దానియేలు చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, పోచయ్యను కేకేశాడు.

"జర ముందుగాల చెప్తే అయిపోతుండె గద," అని గొణిగాడు పోచయ్య. అయినా అందరికంటే ముందు అతనే దిగాడు.

తవ్వేసరికి ఎండ వాలింది. పెట్టె పైకొచ్చాక గుంతను తూర్పు పడమరలుగా తవ్వి తాళ్ళతో దించారు. తలవైపు తాడు దానియేలు పట్టుకున్నాడు. మెట్టు దిగే మనిషికి చెయ్యి అందించినట్టు, జారకుండా, మెల్లగా వదిలాడు. జ్ఞానసుందరం అది చూశాడు.

పని అయ్యాక దానియేలు చెంబుతో ఆయన చేతుల మీద నీళ్ళు పోశాడు.

"ఆదివారం మీరే చదవండి."

"ఆ పిల్ల మళ్ళీ అడిగితే అప్పుడన్నదే అంటానండీ."

"అనండి. నేనూ లేచి చేప సంగతి అడుగుతాను." చెంబు వంచి ఆగాడు. "వేళ్ళ సందున మట్టి పోలేదు. ఇటు పట్టండి."