బోర్డు మీద అడ్రస్

మా ఆయన శరత్‌చంద్రకు కంభంలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. దానికో వెబ్‌సైట్ పెట్టాలనుకున్నారు. మరొకరితో చేయించుకోవడం నామోషీ అని, వెబ్ డెవలప్‌మెంట్ మొదటినుంచి నేర్పే పుస్తకం కొనుక్కొచ్చారు. వచ్చే గిరాకీని నాకు వదిలేసి, పుస్తకం చూసుకుంటూ ఒక్కో అక్షరమే టైపు చేశారు. చివరికి దుకాణంలోని కంప్యూటర్‌లో మా కుక్కర్లు, బిందెలు వరుసగా కనబడ్డాయి. నేను కూడా బాగుందన్నాను. ఇక ఆగుతారా? పెయింటర్‌ను పిలిపించి, స్క్రీన్ పైన కనబడే అడ్రస్‌ను పొల్లుపోకుండా దుకాణం బోర్డు మీద రాయించారు. ఆ బోర్డు ఫొటో బంధువులందరికీ పంపారు.

మార్కాపురం నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "బావా, ఎంత కొట్టినా ఆ వెబ్‌సైట్ రావటంలే."

"నీ ఫోన్ పాతదయింది, మార్చు," అన్నారీయన.

గిద్దలూరు పిన్నికి రాకపోతే అక్కడ నెట్ సరిగా లేదన్నారు. అర్ధవీడు అన్నయ్యకు ఫోన్ వాడటమే చేతకాదన్నారు.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి లక్ష్మీప్రియ బోర్డు చూసి నెత్తి పట్టుకుంది.

"నాయనా, ఆ అడ్రస్ మన కంప్యూటర్‌లో ఫైలు ఉండే చోటు. ఇంకెక్కడా కనపడదు. బయటోళ్లకు కనపడాలంటే దాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించాల. పుస్తకంలో చివరి పాఠం అదే. అందాక పోలేదా ఏంది?"

ఈయన చివరి పాఠం తీసి చూసి, పుస్తకం మూసేశారు. "అట్లయితే, చూడాలంటే మన దుకాణానికే రావాల."

"అంతే."

"గిరాకీ దుకాణానికి రావాలనే గదా నేనింత చేసింది."

మర్నాడు పెయింటర్ మళ్లీ నిచ్చెన వేశాడు. ఇప్పుడు ఆ అడ్రస్ కింద ఎర్ర అక్షరాలతో ఇంకో వరుస ఉంది: "వెబ్‌సైట్ లోపల ఉంది. దయచేయండి."