లెక్కలోకి రాని మాటలు

ఆరేళ్లు ఎలుకల మెదళ్లను పలచగా కోసి, వాటిలోని విద్యుత్తును కొలిచిందామె. ఏడో ఏడు ఎలుకల గది తలుపు తీస్తే చాలు, ఊపిరాడేది కాదు. అలర్జీ. ఇంకోసారి లోపలికెళితే ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు.

"ఎలుకల్ని మానెయ్, పరిశోధన కాదు. కంప్యూటర్లో మెదడు కట్టు," అన్నాడు గైడు.

ముప్పై రెండేళ్ల వయసులో, కాలేజీ పిల్లల పక్కన కూర్చుని లెక్కలు మళ్లీ మొదలుపెట్టింది. "ఎలుకలు బతికిపోయాయి పో!" అని ఫోన్లో నవ్వేవాడు అన్నయ్య. అతను రైల్వే స్టేషన్లో అనౌన్సరు. చిన్నప్పటి నుంచి ఫిట్స్. ఒకసారి ప్లాట్‌ఫాం మీదే పడి రెండు పళ్లు రాలగొట్టుకున్నాడు. మందులు పనిచేయడం మానేశాయి.

ఆసుపత్రిలో అతని మెదడులో తీగలు పెట్టి వారం రోజులు రికార్డు చేశారు. ఆ సంకేతాలతో ఆమె కంప్యూటర్లో అతని మెదడుకి మోడల్ కట్టింది. ఆ మోడల్‌లో ఎడమ కణత వెనక ఒక చిన్న భాగం తీసేసి నూరుసార్లు నడిపితే, ఒక్కసారీ ఫిట్స్ రాలేదు.

"మాటకేమైనా ఇబ్బందా?" అన్నాడు సర్జన్.

"అది నా మోడల్‌కి తెలీదండీ."

తన పరీక్షల ప్రకారం ప్రమాదం తక్కువేనన్నాడాయన. అన్నయ్య మాత్రం ఆమెనే అడిగాడు. "నువ్వేమంటావే?"

"చేయించుకో అన్నయ్యా."

ఆపరేషన్ చేశారు. ఫిట్స్ ఆగిపోయాయి. మూడో రోజు వదిన చెంచా చూపించి ఇదేంటని అడిగింది. చాలాసేపు చూశాడు. "అదే... తినేటప్పుడు... నాలిక మీదే ఉంది." స్టేషన్ల పేర్లు కూడా అలాగే పోయాయి. అతన్ని మైకు ముందు నుంచి తీసి సామాన్ల గదిలో వేశారు.

"పడిపోవట్లేదుగా, అదే చాలమ్మా," అంది వదిన, ఆమె ముఖంలోకి చూడకుండా.

ఏడాదికి, ఆమె మోడల్ కట్టిన మరో రోగి భార్య ఆమె దగ్గరికి వచ్చింది. "ఆపరేషన్ చేయించమంటారా?" ఆమె ఏదీ దాచలేదు, అన్నయ్య సంగతి కూడా చెప్పింది. వాళ్లు వద్దనుకుని వెళ్లిపోయారు. నాలుగు నెలల తర్వాత, అతను స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి చనిపోయాడని కబురొచ్చింది. 

మోడళ్లు కట్టే పని మాత్రం ఆమె మానలేదు. అన్నయ్యను ఒప్పించి ఆదివారాలు బొమ్మల అట్టలు చూపిస్తోంది, ఏ పేర్లు పోయాయో, ఏవి మిగిలాయో మోడల్‌కి చెప్పాలని. మొన్న గొడుగు బొమ్మ దగ్గర ఆగాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. అట్ట విసిరికొట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె వంగి దాన్ని తీసి, 'రాలేదు' అని రాసుకుంది.