పదకొండో మడిలో కలుపు లెక్క

తోడల్లుళ్ళిద్దరూ ఒకే పరిశోధనా క్షేత్రంలో పనిచేయడం చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. పెద్దల్లుడికి మాత్రం మూడేళ్ళుగా అది కంట్లో నలుసు.

చక్కెర బీటులో కలుపు మందుల మీద ఆయన పద్నాలుగేళ్ళు పనిచేశాడు. ఆ పంటకు ముఖ్య శత్రువు పప్పుకూర మొక్క. అది బీటుకు దగ్గరి చుట్టమే. అందుకే దాన్ని చంపే మందు కాస్త ఎక్కువైతే బీటు ఆకు కూడా మాడుతుంది. పంట నాలుగాకులు వేశాక ఒకేసారి పూర్తి మోతాదు కొట్టాలన్నది పెద్దల్లుడి పద్ధతి. చిన్నల్లుడు ఉద్యోగంలో చేరుతూనే, ఆ మందునే మూడు వాటాలు చేసి, కలుపు రెండాకుల మీద ఉన్నప్పుడల్లా కొంచెం కొంచెంగా కొట్టి చూద్దామన్నాడు.

"మీరు దారి వేశారు కాబట్టే నాకీ ఆలోచన వచ్చిందన్నయ్యా," అని కూడా అన్నాడు. ఆ వినయానికి పెద్దల్లుడికి ఇంకా ఒళ్ళు మండింది.

ఆదివారం అత్తవారింట్లో భోజనాల దగ్గర, రిటైరైన లెక్కల మాస్టారు మామగారు పొంగిపోయారు. "చిన్నల్లుడు చెబుతుంటే కలుపు మొక్క కూడా కథలా ఉంటుందోయ్! ఇన్నేళ్ళలో నువ్వు ఒక్క ముక్కా చెప్పలేదే?"

మీరెప్పుడడిగారు అనబోయి, పెద్దల్లుడు గ్లాసెత్తి మంచినీళ్ళు తాగాడు. పక్కన భార్య కూడా మరిది చెప్పే కబుర్లకు పగలబడి నవ్వుతోంది.

కలుపు లెక్కించే రోజు వచ్చింది. మొత్తం పదహారు మడులు, ఒక్కో పద్ధతికి నాలుగు; వీళ్ళిద్దరి పద్ధతులూ కాక, చేత్తో కలుపు తీసినవి నాలుగు, అసలు తీయనివి నాలుగు. ఏ మడికి ఏ పద్ధతో లెక్కించేవాడికి తెలియకూడదని మేకుల మీద అంకెలు మాత్రమే వేస్తారు. కానీ ఆ మేకులు దిగ్గొట్టింది పెద్దల్లుడే. రాసిపెట్టే అమ్మాయి ఆ రోజు సెలవు. మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప చట్రం నేల మీద పెట్టి, దాని లోపలి కలుపు మొక్కల్ని ఆయనే లెక్కపెట్టి ఆయనే రాసుకుంటున్నాడు.

చిన్నల్లుడి మడుల్లో మూడింట్లో నాలుగేసి మొక్కలొచ్చాయి. నాలుగోది పదకొండో నంబరు మడి. ఇక్కడైనా ఎక్కువుంటాయేమోనని బీటు ఆకులెత్తి మరీ వెతికాడు. నాలుగే. కాగితం మీద 4 వేశాడు. ఎండ మాడుకు తగులుతోంది. చుట్టూ ఎవరూ లేరు. ఆ 4 ముందు చిన్న నిలువు గీత గీశాడు. నాలుగు కాస్తా పద్నాలుగయింది.

ఆ ఒక్క గీతతో చిన్నల్లుడి సగటు ఆరున్నర అయింది. పెద్దల్లుడిది ఆరు. వచ్చే ఏడు పెద్ద పొలంలో పెద్దల్లుడి పద్ధతే పెడదామని డైరెక్టరు తేల్చేశారు.

ఆ ఆదివారం మామగారు చిన్నల్లుడి భుజం తట్టి, "పోనీలేవోయ్, నీ తెలివి ఎక్కడికి పోతుంది," అన్నారు. అత్తగారు కొసరి కొసరి అతనికే వడ్డించారు. గెలిచినవాడి కంచం వైపు ఎవరూ చూడలేదు.

చిన్నల్లుడు మాత్రం ఆ అంకెను వదల్లేదు. "మూడు మడుల్లో నాలుగేసి ఉంటే, ఒక్కదాంట్లో పద్నాలుగెలా వస్తాయన్నయ్యా?" అని తిరిగాడు. లెక్క పూర్తవగానే మడులన్నిట్లో కలుపు పీకించేశారు కాబట్టి మళ్ళీ లెక్కపెట్టే వీల్లేదు. మట్టి పరీక్ష చేయించాడు. స్ప్రేయరు నాజిల్ విప్పి చూశాడు. ఎక్కడా లోపం లేదు. అన్నయ్య లెక్క తప్పయి ఉండొచ్చని మాత్రం అతనికి తట్టనే లేదు. చివరికి, మందు కొట్టినవాడే తొందరగా నడిచి ఉంటాడని, అందుకే ఆ మడిలో మందు తక్కువ పడిందని డైరెక్టరు అన్నారు.

మందు కొట్టే ముసలాయన్ని అందరూ గడియారం అని పిలుస్తారు. ఎండైనా గాలైనా ఆయన అడుగు ఒకేలా పడుతుంది. అలాంటి మనిషిని గోడౌనుకు మారుస్తామన్నారు.

మర్నాడు పొద్దున్నే గడియారం పెద్దల్లుడి గది గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, మందు కొట్టినప్పుడు మీరు గట్టు మీదే ఉన్నారుగా. పదకొండులో నేను తొందరపడ్డానా?"

"లేదు. నువ్వేం తొందరపడలేదు."

"మరి డైరెక్టరుగారు అలా అంటున్నారేంటి సార్? నా కాళ్ళ మీద నాకే నమ్మకం పోతోంది. నిన్న ఇంట్లో అటూ ఇటూ నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకున్నాను. మా ఆవిడ నాకు మతి పోయిందనుకుంది."

పెద్దల్లుడు చేతిలోని కాగితాలు బల్ల మీద పడేసి లేచాడు. ముసలాయన్ని కూర్చోబెట్టి, తిన్నగా చిన్నల్లుడి గదికి వెళ్ళాడు.

"పదకొండో మడిలో ఉన్నవి నాలుగే. ముందున్న ఆ గీత నేనే పెట్టాను."

చిన్నల్లుడు వేళాకోళమనుకుని నవ్వాడు. ఎదుటి మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. "ఎందుకన్నయ్యా?"

"కుళ్ళు. నువ్వంటే నాకు కుళ్ళు. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది, లేదు."

చిన్నల్లుడు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "గడియారానికి చెప్పారా?"

"ఇంకా లేదు."

"ముందు ఆయనకు చెప్పండి సార్. డైరెక్టరు దగ్గరికి తర్వాత వెళ్దాం."

సార్ అన్న ఆ పిలుపు చెంపదెబ్బలా తగిలింది.

నిజం విని గడియారం తలపాగా విప్పి దులిపి, మళ్ళీ చుట్టుకుని, స్ప్రేయరు కడగడానికి వెళ్ళిపోయాడు. డైరెక్టరు లెక్క దిద్దించి పెద్దల్లుడి చేత సంతకం పెట్టించారు. రెండేళ్ళపాటు మడుల్లో లెక్కకు దిగొద్దని, స్టోరు గదిలో మందులు కొలిచే పని చూసుకోమన్నారు. పెద్ద పొలం చిన్నల్లుడి పద్ధతికి దక్కింది.

ఇంటికి వెళ్ళి భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ ఆ వారమంతా అవసరమైతే తప్ప మాట్లాడలేదు. పుట్టింట్లో మాత్రం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఓ ఆదివారం భోజనాల దగ్గర మామగారికే అనుమానం వచ్చింది. "ఏమిటోయ్, అన్నయ్యను పట్టుకుని సార్ అంటున్నావు?"

పెద్దల్లుడి చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ఆఫీసు అలవాటు మామయ్యా, ఇంటికొచ్చినా పోవడం లేదు," అన్నాడు చిన్నల్లుడు, కంచంలోంచి తలెత్తకుండానే.

మామగారు నవ్వేసి మజ్జిగ కలుపుకున్నారు. పెద్దల్లుడు బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. మరుక్షణమే, తనకు ఏనాడూ అబ్బని ఆ మంచితనం వీడికింత సులువుగా ఎలా వస్తుందో అని కడుపులో మళ్ళీ సెగ రాజుకుంది.