తొమ్మిదో కర్ర

ఆ ఊరికి చదువుకోవడానికి వచ్చిన మొదటి వారంలోనే ఆమె పేరు సగానికి తగ్గిపోయింది. నాలుగు అక్షరాల్లో రెండు అక్కడివాళ్ల నోరు తిరగలేదు. ఉన్న రెండే చాల్లే అని ఆమె సర్దుకుంది. ఇంట్లో మాత్రం చిన్నప్పటి నుంచీ పిట్ట అనే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

దేశం పరాయిది, ఊరు చిన్నది. ఒక కొస నుంచి రెండో కొసకు నలభై నిమిషాల నడక. ఉప్పుగాలికి బందులు తుప్పుపట్టి ప్రతి తలుపూ మూలుగుతూ తెరుచుకునేది. ఆరేసిన బట్టలు ఎన్నాళ్లకీ ఆరేవి కావు, ఆరినట్టు నటించేవి. సైకిళ్లు బాగుచేసే కొట్టు పైన ఒక గది, గది మూలన గ్యాసు పొయ్యి, కిటికీలోంచి రేవు. ఆ గదిలో పిట్టతోపాటు ఫార్మసీ చదివే మరో తెలుగమ్మాయి ఉండేది. ఆమె ఇంటిపేరు వినగానే పిట్ట వాళ్లమ్మ ఫోనులోనే పది నిమిషాలు కూపీ లాగి, ఎవరి తోడికోడలినో ఎవరి మేనత్తతోనో ముడిపెట్టి, "నీకు వదినవుతుందే" అని తేల్చేసింది. అప్పటినుంచి వదిన అనే పిలుపు స్థిరపడిపోయింది. వదిన కూడా ఆ హోదాను ఊరికే పోనివ్వలేదు. గిన్నెలు కడిగే వంతు ఎప్పుడూ పిట్టదే.

పిట్ట చదివేది సముద్రంలోని ప్రాణుల గురించి. రేవుకు ఉత్తరాన సముద్రం వెనక్కి తగ్గినప్పుడు అర కిలోమీటరు మేర బురద నేల బయటపడేది. అందులో ఒడ్డు నుంచి లోపలికి వరసగా పది కర్రలు పాతి ఉండేవి. పదిహేను రోజులకోసారి, ఆటు సమయం చూసుకుని, ఒక్కో కర్ర దగ్గర ఇనప చట్రం పెట్టి, అందులో పట్టినంత బురద తవ్వి, జల్లెడ పట్టి, బతికున్న నత్తల్నీ ఆల్చిప్పల్నీ లెక్కపెట్టి రాయాలి. ఏడాది చివరి ప్రాజెక్టు అది. దాన్ని చూసే మేడమ్ మొదటిరోజే ఒక షరతు పెట్టింది. "ఎవరూ ఒంటరిగా బురదలో దిగకూడదు. ఎంత తెలిసినవాళ్లయినా సరే."

అందుకే ప్రతి లెక్కకూ ఇద్దరు. పిట్టకు జోడీగా దొరికింది ఆ ఊరావిడే. పదేళ్లు పోస్టాఫీసులో పనిచేసి, కవలలు పుట్టాక ఉద్యోగం మానేసి, వాళ్లకు నాలుగేళ్లు నిండాక చదువుకుందామని వచ్చింది. క్లాసులో అందరూ ఆమెను కవలల తల్లి అనే అనేవాళ్లు. మాట తక్కువ, పని ఎక్కువ. జల్లెడ పట్టడంలో ఆమె చెయ్యి చూసి నేర్చుకోవాల్సిందే.

ఆరో లెక్క నాటి పొద్దున కవలల తల్లి ఫోన్ చేసింది.

"ఇద్దరికీ జ్వరం. ఈరోజు నేను రాలేను. మానేద్దాం, మేడమ్‌కి నేను చెప్తాను."

"వద్దులే, నేనే చెప్తా. నువ్వు పిల్లల్ని చూసుకో," అంది పిట్ట.

చెప్పలేదు. ఐదు లెక్కలు వరసగా కుదిరాయి, ఆరోది తప్పితే గ్రాఫులో గుంట పడుతుంది. మళ్లీ అంత మంచి ఆటు రెండు వారాల దాకా రాదు. పన్నెండుసార్లు నడిచిన దారే కదా అనుకుంది. నిజానికి ఐదుసార్లే. వదిన క్లాసుకు వెళ్లింది. పిట్ట గమ్‌బూట్లు వేసుకుని, చట్రం, జల్లెడ, కాగితం పట్టుకుని బయల్దేరింది.

ఏడు కర్రల దాకా అంతా సవ్యంగా జరిగింది. ఒంటిచేత్తో పని కాబట్టి ఆలస్యమైంది, అంతే. ఏడో కర్ర దగ్గర తలెత్తి చూస్తే ఒడ్డు కనబడలేదు. పొగమంచు కమ్మేసింది. ఎనిమిదో కర్ర కోసం రెండడుగులు పక్కకు వేసింది. రెండో అడుగు మోకాలి దాకా దిగింది. దాన్ని లాక్కోబోతే మొదటిది దిగింది. ఇంకాస్త గట్టిగా లాగింది. బురద తొడల దాకా వచ్చింది. ఫోను జేబులోనే ఉంది, ఆ జేబు బురదలో ఉంది.

మొదట సిగ్గేసింది. తర్వాత భయం వేసింది. ఎక్కడో నీళ్లు కదులుతున్న చప్పుడు వినబడ్డాక గొంతెత్తి అరిచింది. కంగారులో తెలుగులో అరిచింది.

ఏ భాష అయితేనేం, అరుపు అరుపే. మంచులోంచి ఒక ముసలావిడ చెక్క బల్లను ఈడ్చుకుంటూ వచ్చింది. గాలం వేసేవాళ్లకు ఎర పురుగులు తవ్వి అమ్మే మనిషి. పిట్ట ఆమెను దూరం నుంచి చాలాసార్లు చూసింది, పలకరించింది మాత్రం లేదు.

"కదలకు," అందామె. "లాగితే ఇంకా దిగుతావు. కూర్చో."

"బురదలోనా?"

"కాదు, కుర్చీ తెస్తాను ఉండు. కూర్చోవమ్మా. వెనక్కి వాలు. పడుకున్నట్టు. ఆఁ, ఇప్పుడు ఒక కాలు మాత్రం అటూ ఇటూ మెల్లిగా ఆడించు."

బల్ల మీద వీపు ఆనించి, ఒక్కో కాలే ఆడించి బయటపడటానికి పావుగంట పట్టింది. బూట్లు బురదకే దక్కాయి. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని, తన అడుగుల్లోనే అడుగులు వేయిస్తూ ఒడ్డుకు నడిపించింది. దారి పొడుగునా చీవాట్లు.

"అసలు అటెందుకు పోయావు? అక్కడ ఏముందని? అన్నీ చచ్చిపోయాయి. నేనే అటు పోవడం మానేశాను."

పిట్టకు పళ్లు టకటకలాడుతున్నాయి. ఆ మాట చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు.

గదికి వచ్చి, వేడినీళ్లు పోసుకుని, దుప్పటి కప్పుకుని కాగితం ముందేసుకుంది. ఏడు గళ్లు నిండాయి, మూడు ఖాళీ. కిందటిసారి ఎనిమిది, తొమ్మిది, పది కర్రల దగ్గర నలభై ఒకటి, ముప్ఫై ఎనిమిది, నలభై నాలుగు. ఆమె ముప్ఫై తొమ్మిది, నలభై, నలభై రెండు అని రాసింది. అవి ఎంత బుద్ధిమంతుల్లా కనిపించాయంటే, కాసేపటికి ఆమెకే నిజంగా లెక్కపెట్టినట్టు అనిపించింది.

మర్నాడు కవలల తల్లి అడిగింది. "ఎవరితో వెళ్లావు?"

"మా వదిన వచ్చింది."

ఆమె ఇంకేమీ అడక్కుండా, కాగితం సరిచూసినవారు అన్నచోట సంతకం పెట్టింది.

వారం తర్వాత మేడమ్ క్లాసులో ఒక ఉత్తరం చదివింది. ఊరి మురికినీరు శుద్ధి చేసి సముద్రంలోకి వదిలే గొట్టం తొమ్మిదో కర్ర పక్కనుంచే వెళ్తుంది. అక్కడ ఎర పురుగులు చచ్చిపోతున్నాయని తవ్వుకునేవాళ్లు ఫిర్యాదు చేశారు. నిజమో కాదో చెప్పమని పురపాలక సంఘం మేడమ్‌ను అడిగింది.

"మన దగ్గర తాజా లెక్కలున్నాయి," అంది మేడమ్, పిట్ట కాగితం పైకెత్తి. "ఎనిమిది నుంచి పది దాకా ఏ తేడా లేదు. పాపం, వాళ్ల బాధ ఏదైనా కావచ్చు, ఫిర్యాదులో పస లేదనే రాయాల్సి వస్తుంది. శుక్రవారం పంపిస్తాను."

అప్పుడు ముసలావిడ మాట పిట్ట బుర్రకెక్కింది.

ఆ మధ్యాహ్నం వదినకు మొత్తం చెప్పింది. వదిన ఉల్లిపాయలు తరగడం ఆపి విన్నది.

"అంటే నాకు తెలీకుండానే నన్ను కూడా బురదలో దింపావన్నమాట."

"తప్పయిపోయింది వదినా. ఇప్పుడేం చెయ్యను? చెప్తే కాలేజీలోంచి పంపించేస్తారేమో. వీసా పోతే?"

"పోతుందో లేదో నాకు తెలీదు. అబద్ధం చెప్పి నీకు ధైర్యం ఎక్కించలేను. నువ్వు చెప్పకపోతే మాత్రం శుక్రవారం ఆ ఉత్తరం వెళ్లిపోతుంది." వదిన మళ్లీ కత్తి తీసుకుంది. "మేడమ్ గది దాకా తోడు రమ్మంటే వస్తా. లోపలికి మాత్రం రాను."

వదిన వరండాలో బెంచీ మీద కూర్చుంది. పిట్ట లోపలికి వెళ్లి నిలబడే చెప్పింది. మేడమ్ అంతా విని అడిగింది.

"ఎన్ని అంకెలు?"

"మూడండి."

"మిగతా ఏడూ?"

"అవి నిజమేనండి. నేనే లెక్కపెట్టాను."

"అది నేనెలా నమ్మాలి?"

పిట్ట వచ్చేముందు ఎన్నెన్నో ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకుంది కానీ ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. మేడమ్ కోప్పడి ఉంటే ఏడ్చేదేమో. ఆమె కోప్పడలేదు, ఆరు కాగితాలూ తీసి పక్కన పెట్టేసింది. నిజంగా లెక్కపెట్టిన ఐదు కూడా వాటితోపాటే పోయాయి.

విచారణ రెండు వారాలు సాగింది. ముగ్గురు కూర్చుని అడిగారు, ఒకరు రాసుకున్నారు. తనే వచ్చి చెప్పింది కాబట్టి కాలేజీలోంచి తీసేయలేదు. హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, ప్రాజెక్టు మొదటి నుంచీ చెయ్యమన్నారు. అంటే ఆరు నెలలు. విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే ఆవిడ వీసా పొడిగింపుకు దరఖాస్తు నింపిస్తూ, "కారణం అన్నచోట ప్రాజెక్టు పునరావృతం అని రాయి. నిజమే కదా," అంది. పిట్టకు ఆ మాట కూడా గుచ్చుకుంది.

అన్నిటికంటే కష్టమైంది కవలల తల్లితో మాట్లాడటం. ప్రాజెక్టు ఇద్దరిదీ. ఆమె కూడా మళ్లీ చెయ్యాల్సిందే.

"నన్ను క్షమించు," అంది పిట్ట. "నీకు కూడా ఆరు నెలలు పోయాయి."

"ఆరు నెలలు సరే," అందామె. "ఆరోజు నువ్వు అక్కడే ఉండిపోతే? మీ అమ్మకి ఫోన్ చెయ్యాల్సింది నేను. ఏ భాషలో చెప్పేదాన్ని? అది ఆలోచించావా?"

ఆ తర్వాత నెల రోజులు ఆమె పిట్టతో పని మాట తప్ప మాట్లాడలేదు.

పిట్ట వాళ్లమ్మకు ఆదివారం పొద్దున ఫోన్ చేసింది. ఏదీ దాచకుండా చెప్పింది.

"కాళ్లకేం కాలేదు కదా?" అంది అమ్మ ముందుగా.

"ఏం కాలేదమ్మా."

"మరి మీ పిన్ని అడిగితే ఏం చెప్పమంటావు? ఈ పాటికి చదువు అయిపోతుందని అందరికీ చెప్పుకున్నాను."

"కోర్సు పొడిగించారని చెప్పు."

"ఇంతసేపూ నువ్వు చెప్పిన కథేంటి, ఇప్పుడు నాతో చెప్పించేదేంటి?" అంది అమ్మ. "ఉన్నదే చెప్తాలే. ఒకపూట ముక్కు విరిచి అదే ఊరుకుంటుంది."

శుక్రవారం ఉత్తరం వెళ్లలేదు. విచారణ నడుస్తున్న రోజుల్లోనే మేడమ్ స్వయంగా బూట్లు వేసుకుని బురదలో దిగింది. దారి చూపించడానికి ఎరల ముసలావిడ ముందు నడిచింది, కవలల తల్లి జల్లెడ పట్టింది. పిట్టను చట్రం మోయడానికి తీసుకెళ్లారు, లెక్కపెట్టనివ్వలేదు. తొమ్మిదో కర్ర దగ్గర బురద పైపొర కింద నల్లగా ఉంది, కుళ్లిన గుడ్ల వాసన. జల్లెడ నిండా చిప్పలే. బతికున్నవి రెండు. మేడమ్ మూడుచోట్ల తవ్వించింది. మూడుచోట్లా అదే తీరు.

"నేను మూడు వారాల నుంచి చెప్తున్నా," అంది ముసలావిడ, ఎవరి ముఖమూ చూడకుండా. "జల్లెడలో చూపిస్తే గానీ నమ్మరు."

మేడమ్ ఆమె వైపు తిరిగి, "మీ దగ్గరికి ముందే రావాల్సింది," అంది. ముసలావిడ భుజం ఎగరేసి, పోటు మొదలవుతోంది నడవండి అంది.

గొట్టం అతుకు ఒకటి ఇసుక కింద విడిపోయిందని తేలింది. దాన్ని బాగుచేయడానికి నాలుగు నెలలు పట్టింది. పురుగులు తిరిగి రావడానికి ఇంకా ఎక్కువే పడుతుందట. అప్పటిదాకా ముసలావిడ రేవుకు దక్షిణాన రాళ్ల మధ్య తవ్వుకుంది. అక్కడ పని కష్టం, పురుగులు సన్నం. పిట్ట సెలవు రోజుల్లో వెళ్లి బకెట్లు మోసేది. ఒకసారి తవ్వుతానని పార అడిగితే, రెండు పురుగుల్ని సగానికి నరికేసింది. ముసలావిడ పార లాక్కుని, "నువ్వు నత్తల్నే చూసుకో," అంది.

కొత్త లెక్కల్లో మూడోది ముగించుకుని వస్తున్న రోజున వాన పట్టుకుంది. కవలల తల్లి కారు దగ్గర ఆగి, ఫ్లాస్కు మూతలో టీ పోసి పిట్ట చేతికిచ్చింది.

"వచ్చే లెక్క నాడు మా ఆయన ఊళ్లో ఉండడు," అంది. "పిల్లల్ని ఎక్కడ వదలాలో తెలీడం లేదు."

"మా వదినని అడుగుతాను," అంది పిట్ట. వెంటనే సర్దుకుంది. "నిజంగానే అడుగుతాను. ఇప్పుడే, నీ ఎదురుగానే చేస్తా ఫోను."

కవలల తల్లి నవ్వాపుకోలేక అటు తిరిగి కారు తలుపు తీసింది. పిట్ట ఫోన్ చేసింది. వదిన ఒప్పుకుంది కానీ, గిన్నెల వంతు ఎలాగూ పిట్టదే కాబట్టి బదులుగా ఇంకేం అడగాలో ఆలోచించుకోవడానికి రెండు రోజులు గడువు కావాలంది.