టెక్సస్ డీజిల్

లక్ష్మీపతి అన్న పోయాడని ఆయన కూతురు ప్రణవి ఫోన్ చేసేసరికి నేను టెక్సస్‌లో, ప్లేనోలో మా ఆఫీస్ పార్కింగ్‌లో ఉన్నాను. "రేపు ట్వెల్వ్‌కి క్రిమేషన్ అంకుల్. మీరు... రాగలరా?" అంది. నన్ను రమ్మనడానికి ఆ పిల్ల ఎంత వెనకాడిందో గొంతులోనే తెలిసింది. వాళ్ళ నాన్నతో నేను మాట్లాడి పదకొండు నెలలైంది.

తప్పంతా నా నోటిదే. పోయిన చలికాలం షికాగో పక్కన నేపర్‌విల్‌లో వాళ్ళింట్లో పదిమందిమి భోజనానికి కూచున్నాం. మా అందరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. అన్న ఒక్కడే లారీలూ స్కూల్ బస్సులూ బాగుచేసే షెడ్ నడిపేవాడు. నా డీజిల్ పికప్ ట్రక్కు కనిపిస్తే చాలు, ఏటా ఒకటే పాట.

"ఒరేయ్ దివాకర్, అక్కడ ట్యాంక్ నింపుకుని ఇక్కడిదాకా రాకురా. టెక్సస్ డీజిల్ ఈ చలికి ఆగదు, గడ్డకడుతుంది. మిస్సోరీ దాటాక ఇక్కడిది పోయించు. నేను పంపే ఆ తెల్లసీసా మందు ముందే కలుపు."

అందరూ నవ్వారు. నాకు తిక్క రేగింది. "అన్నం దగ్గర కూడా ఈ గ్రీజు కబుర్లేనా అన్నా? ముందు ఆ చేతులు శుభ్రంగా కడుక్కుని కూచో" అన్నాను. అన్న తన చేతులవైపు ఒకసారి చూసుకున్నాడు. లేచి వెళ్ళి కడుక్కున్నాడు. మళ్ళీ వచ్చి కూచోలేదు. కంచంలో అన్నం సగం అలాగే ఉండిపోయింది.

మర్నాడే ఫోన్ చేసి తప్పయిందంటే సరిపోయేది. అనలేదు. నవంబర్‌లో ఆయన దగ్గర్నుంచి ఎప్పటిలాగే పార్సెల్ వచ్చింది. అందులో ఏముంటుందో నాకు తెలుసు. విప్పకుండా గరాజ్‌లో అరమీద పడేశాను. అదీ నా బుద్ధి.

చలిగాలులకి షికాగో ఫ్లైట్లన్నీ క్యాన్సిలయ్యాయి. ట్రక్కు తీశాను. దాని వెనక సరదాపడి ఇంకో పెద్ద ట్యాంక్ బిగించుకున్నాను. రెండూ నింపితే షికాగో దాకా పెట్రోల్ బంకు మొహం చూడక్కర్లేదని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఎక్కడా ఆగకూడదన్న తొందరలో ఆ సాయంత్రం రెండూ అంచుదాకా నింపాను. అన్న ముఖం ఒక్కసారి చూడాలి, పక్కన నిలబడి తప్పయిందన్నా అనాలి. నా తలలో అదొక్కటే ఉంది. గరాజ్‌లో పార్సెల్ ఉందన్న సంగతి గుర్తుకే రాలేదు.

తెల్లారేసరికి ఇల్లినాయ్ మధ్యలో ఉన్నాను. బయట ఫారన్‌హీట్‌లో సున్నాకి పద్నాలుగు డిగ్రీలు కింద. ముందు ట్యాంక్ అయిపోయి, రాత్రంతా గాలికి గడ్డకట్టిన వెనక ట్యాంక్ మొదలైనట్టుంది. ఎనిమిదిన్నరకి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఊపందుకోలేదు. రెండుసార్లు గునిసింది. రోడ్డు పక్కకి లాగేలోపే ఆగిపోయింది. నేపర్‌విల్‌కి ఇంకా రెండు గంటల దారి.

బళ్ళు లాక్కెళ్ళే టో ట్రక్కుకి ఫోన్ చేస్తే, ఇవాళ దారంతా ఆగిన బళ్ళేనన్నారు. క్యాబ్ యాప్‌లో ఒక్క కారూ లేదు. పోయే కార్లకి చెయ్యెత్తాను, ఎవరూ ఆపలేదు. కాసేపు నిలబడటం, వేళ్ళు మొద్దుబారితే లోపల కూచోవడం. టో ట్రక్కు వచ్చేసరికి పదకొండైంది.

డ్రైవర్ అరవై దాటిన తెల్లాయన. బానెట్ ఎత్తి డీజిల్ ఫిల్టర్ విప్పాడు. లోపలిది డీజిల్‌లా లేదు. చలికి సీసాలో పేరుకున్న కొబ్బరినూనెలా తెల్లగా, ముద్దగా ఉంది.

"డీజిల్ ఎక్కడ పోయించావు?" అని అడిగాడు.

"టెక్సస్‌లో."

ఆయన నా వెనక ట్యాంక్‌ని చూసి తలూపాడు. తన బండిలోంచి ఒక తెల్లసీసా తీసి చూపించాడు. "ఇది ముందు కలిపి ఉంటే రెండు నిమిషాల పని. ఇప్పుడు పోసినా లాభంలేదు. వెచ్చటి షెడ్‌లో పెట్టి కరగనివ్వాలి, నాలుగు గంటలు పడుతుంది" అన్నాడు. ఆ సీసా నాకు కొత్తేం కాదు. ఏటా పార్సెల్‌లో వచ్చేది అదే.

నా బండిని వెనక తగిలించుకున్నాక ఆయన పక్క సీట్లో కూచున్నాను. పదకొండూ నలభైకి ప్రణవి వీడియో కాల్ చేసింది.

"అంకుల్, ఇంకో టెన్ మినిట్స్‌లో నాన్న బాక్స్ క్లోజ్ చేస్తారు. అమ్మ మాట్లాడతదంట."

తెరమీదికి విద్య వదిన వచ్చింది. "ఎక్కడ ఆగిపోయావు దివాకర్?"

"దార్లోనే వదినా. డీజిల్ గడ్డకట్టింది."

వదిన ఏడుస్తూ అంది: "మొన్న హాస్పిటల్లో నీ మాటే అన్నారయ్యా. 'నేను పోతే వాడు ఆ ట్రక్కేసుకునే వస్తాడు. డీజిల్ సంగతి ఫోన్ చేసి గుర్తుచెయ్యి' అన్నారు. నువ్వు మళ్ళీ కసురుతావేమోనని నేనే చెయ్యలేదు."

నా నోటికి భయపడి ఆవిడ తన భర్త ఆఖరి మాట తనలోనే దాచుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రణవి ఫోన్ తిప్పి వాళ్ళ నాన్న ముఖం చూపించింది. నిద్రలో ఉన్నట్టే ఉన్నాడు. నుదుట కుంకుమ, కొత్త తెల్లచొక్కా.

"చేతులు చూపించమ్మా" అన్నాను.

రొమ్ముమీద కలిపిపెట్టిన చేతులు. గోళ్ళ చివర సన్నటి నల్లగీత అలాగే ఉంది.

"చాలాసార్లు వాష్ చేశాం అంకుల్" అంది ప్రణవి చిన్నగా. "పోవట్లేదు."

"వద్దమ్మా, అలా ఉండనీ" అన్నాను.

డ్రైవర్ రేడియో ఆపేశాడు. నేను ఫోన్ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ జోడించాను. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి.